వాకిట్ల బండలు లేపిన ఏడు

మా మనుమరాలు నెల కింద ఒకనాడు పొద్దుగాల పాలు గూడ తాగకుండ ఫోన్ వట్టుకొని నా మంచం ఎక్కింది. "అమ్మమ్మా, గీ పిట్టను సూడు" అని ఫోను నా ముక్కుకు ఆనిచ్చింది. బొటనవేలంత గూడ లేదు ఆ పిట్ట. రెక్కలు కనవడనే కనవడవు, అంత జోరుగ కొట్టుకుంటున్నయ్. పువ్వు ముంగట గాలిల నిలవడి, సన్నటి ముక్కుతోని తేనె గుంజుకుంటున్నది. హమ్మింగ్ బర్డ్ అంటరట దాన్ని. "మనం గూడ డాబా మీద పూలచెట్లు వెడ్దాం అమ్మమ్మా, గిది మనింటికొస్తది" అన్నది.

"అది మన దిక్కు ఉండదు బిడ్డా, సముద్రాల అవతలి పిట్ట" అన్న.

పిల్ల మొకం చిన్నగైంది. ఇగ నాకు పానం ఉంటదా? "మనకు తేనెపిట్ట లేదానె? మెడ మీద ఊదరంగు తళతళ మెరుస్తది. దానికేం తక్కువ? సీతాకోక చిలుకలు గూడ వస్తయ్" అని బుజ్జగించిన. నోరు మూసుకొని ఊకుంటె అయిపోయేది. ఆదివారం వచ్చేసరికి వికారాబాదుల మా బిడ్డ ఇంటి డాబా మీద నడవ సందు లేదు. అల్లుడు ఎర్రమన్ను తెచ్చి గుట్ట వోసిండు. పాత బకెట్లు, పెయింటు డబ్బాలు, పగిలిన కుండలు, అన్నిట్ల మొక్కలే. నా మోకాళ్లు నొస్తయన్న ఫికర్ ఎవ్వలకన్న ఉన్నదా? పిల్లయితే మందారం కొమ్మ నాటి, ఇగ పిట్ట ఎప్పుడొస్తదని దాని పక్కన్నే చెంపలు వట్టుకొని కూసున్నది.

నిన్న మాత్రం ఉరుక్కుంట కిందికొచ్చింది. "ఛీ అమ్మమ్మా, నిమ్మచెట్టు మీద పురుగు! పుల్లతోని తీసి పారేస్తున్న" అన్నది.

నేను చాటల పప్పు ఏరుతున్న. "ముట్టకు!" అని ఎంత గట్టిగ ఒర్లిన్నో, పిల్ల గజ్జున వణికింది. మా బిడ్డ వంటింట్లకెళ్లి వచ్చి "ఏమైందే అమ్మా, పురుగే గదా" అన్నది. ఏం చెప్తం? చేతిల చాట అట్లనే ఉన్నది, నేను మాత్రం తాండూరుల మా తాత ఇంటి వాకిట్ల నిలవడ్డ.

తాండూరంటె బండలు. అప్పుడు గూడ గంతే. భూమి యాడ తవ్వినా పొరలు పొరలు నీలం బండ. ఇండ్ల గోడలు బండలు, మిద్దెల మీద పరిచేటియి బండలు, చేన్లకు కంచె గూడ నిలువుగ పాతిన బండలే. మా తాతకు వాకిట్ల ఇంత మన్ను కనవడితె నామోషి. ఇంటి ముంగటి వాకిలి మొత్తం, గేటు కాడికెళ్లి గడప దాక, సందు లేకుండ బండలు పరిపిచ్చిండు. "మన వాకిట్ల గింజ వడితె దొరకాలె, మన్నుల కలవొద్దు" అనేటోడు. వాన వడి వెలిసినంక ఆ బండల మీద మబ్బులు కనవడేటియి. నేను మబ్బు మీద కాలేస్తున్న అనుకుంట గంతులేసేదాన్ని.

ఆ వాకిలి అసలు పని చలికాలంల. కొత్త కందులు ఇంటికొస్తయ్. వాకిలంత కందులే, మేము గోడ పొంటి అడ్డం తిరిగి నడవాలె. పప్పు చేసుకునే కందులకు ఎర్రమన్ను పట్టిచ్చి ఎండవోసేది మా నాయినమ్మ. తడి ఎర్రమన్ను, ఎండ, కందుల వాసన, మూడు కలిసి ముక్కుకు తగిలితె ఆకలయ్యేది. కాయ పచ్చిగున్నప్పుడైతె ఉప్పేసి గంజు నిండ ఉడకవెట్టేది. వేడి వేడి కందికాయలు ఒళ్లె వోసుకొని పండ్లతోని గుంజుకొని తినేటోళ్లం. పొట్టు యాడ పారేసిన్నో అక్కడ నాయినమ్మ చెయ్యి నా వీపు మీద.

ఆ ఇంటికి మా చిన్నమ్మ వచ్చింది. మా కాక, అంటె మా నాయిన తమ్ముడు, ఆయిన పెండ్లాము. ఆమె తల్లిగారిది అనంతగిరి గుట్టల కింద చిన్న ఊరు. లగ్గమై వచ్చిన కొత్తల ఆమె మాటనే ఇనవడకపోయేది. పొద్దంత పని చేసేది, తల మీద కొంగు తియ్యకపోయేది, పని లేనప్పుడు వాకిట్ల నిలవడి మీదికి చూసేది. ఏం చూస్తుందా అని నేను గూడ మీదికి చూసేదాన్ని. ఏం లేకుండె. మా కాక పనిచేసే బండల మిషన్ ఊరి చివర కుయ్యిమని ఒర్లుతుండె, దాని తెల్లపొడి గాలికొచ్చి మా గోడల మీద వడుతుండె. గంతే.

నాకు జడ లేసేది చిన్నమ్మనే. మా అమ్మకు తీరకపోయేది, తీరినా నా నెత్తి వెంట్రుకలు పీకినట్టే దువ్వేది. చిన్నమ్మ చేతులు మెత్తగుండె. దువ్వుకుంట ఒకనాడు అడిగింది, "బిడ్డా, మీ ఊర్ల పిట్టలు ఎందుకు లేవే?"

"కాకులున్నయ్ గదా" అన్న నేను.

ఆమె నవ్వలే. "మా ఇంట్ల తలుపు కాడ వైరుకు తేనెపిట్ట గూడు గట్టుకుంటది. పిల్లలు లేస్తయని మా నాయిన తలుపు గూడ మెల్లగ ఏస్తడు" అన్నది. నాకు ఆ మాట శాన ఇచ్చంత్రమనిపిచ్చింది. పిట్ట కోసం తలుపు మెల్లగ ఏసుడా? మా ఇంట్ల తలుపేస్తె పక్కింటోళ్లు లేచేటోళ్లు.

రాను రాను చిన్నమ్మ బక్కగైంది. జొన్నరొట్టె సగం తిని లేచేది. పగటి పూట నేను పండుకున్నట్టు కండ్లు మూసుకుంటె, నాయినమ్మ మా అమ్మతోని అనేది, "పిల్లకు ఇల్లు వట్టలేదే. ఈసారి తల్లిగారింటికి పోతె మల్ల రాదేమో. పెద్దమనుషులల్ల పంచాయితికి కూసునే గతి వస్తదేమో." చిన్నమ్మ రాకుంటె నాకు జడ ఎవ్వలేస్తరు? అప్పుడు నా ఫికర్ గంతే అనుకున్న. గని ఆమె పక్కన కూసుంటె నాకు చల్లగ ఉండె, అది పోతదన్న భయం.

కాకకు గూడ భయమున్నట్టుంది. ఒకనాడు వాన సురువైతున్న దినాలల్ల, తాత అన్నం తినంగ మెల్లగ అన్నడు. "నాయినా, నీళ్ల తొట్టి పక్కన బండలు కొన్ని లేపుత. ఆమె పూలచెట్లు వెట్టుకుంటదట. పిట్టలు, సీతాకోక చిలుకలు వస్తయట."

తాత ముద్ద నోటి కాడ ఆపిండు. నాయినమ్మ నెత్తి మీద చెయ్యి వెట్టుకున్నది. "పరిచిన వాకిలి లేపుతరా? పాములొస్తయ్ రా!"

తలుపు చాటుకు చిన్నమ్మ గాజులు జరంత చప్పుడైనయ్. తాత ఆ దిక్కు చూసిండు. కోడలు మల్ల రాదన్న నాయినమ్మ భయమే ఆయినకు గూడ ఉండెనేమో, నాకు తెల్వది. ముద్ద పళ్లెంల వెట్టి అన్నడు, "రెండు మంచాలు వట్టేంత జాగ లేపుండ్రి. కొత్త కందులు ఇంటికొచ్చే దాక. అప్పటి దాక సీతాకోక చిలుకలు రాకుంటె, బండలు యాడియి ఆడ వడాలె. వచ్చి పోయేటియి లెక్కకు రావు. మనిల్లని ఉండేటియి గావాలె."

"సరే మామా" అని తలుపు చాటుకెళ్లి వినవడ్డది. మామతోని ఆమె అంత గట్టిగ మాట్లాడుడు అదే మొదలు.

బండలు లేపిన దినం నాకు బడి లేకుండె, ఉన్నా పోకపోదును. కాక గడ్డపార సందుల పెట్టి ఎత్తిండు. బండ మెల్లగ లేచింది. కిందికెళ్లి వచ్చిన వాసన ఉన్నది సూడుండ్రి, నేనట్ల మల్ల ఎన్నడు సూడలే. ఎండ తగలని చల్లటి మన్ను. దాంట్ల ఎర్రలు కదులుతున్నయ్. చిన్నమ్మ చెప్పులు విడిచి దాంట్ల కాళ్లు వెట్టింది. కండ్లు మూసుకున్నది. నేను గూడ వెట్టిన. ఆ చల్లదనం పాదాలకెళ్లి కడుపు దాక ఎక్కింది.

ఇగ ఆ వానకాలమంత నాకు ఒక కల లెక్క యాదికుంది. చిన్నమ్మ తల్లిగారింటికెళ్లి వచ్చినోళ్లతోని కొమ్మలు, విత్తులు తెప్పిచ్చింది. మందారం నాటింది, నూరు వరాలు నాటింది, బంతి నారు వోసింది, నిమ్మమొక్క వెట్టింది. "పూలు ఆటికి అన్నం. ఆకులు ఆటి పిల్లలకు అన్నం. రెండు వెట్టాలె" అనేది. ఆ మాట నాకు అప్పుడు సమజ్ కాలే. మిషన్ల తెల్లపొడి ఆకుల మీద వడితె, తడిగుడ్డతోని ఒక్కొక్క ఆకు తుడిచేది. నాయినమ్మ చూసి "మా పిల్లల మొకాలు గూడ మేము గింత తుడువలే" అని మూతి తిప్పేది. తిప్పుకుంటనే కుడితి నీళ్లు తెచ్చి చెట్లకు వోసేది, ఎవ్వలు చూస్తలేరనుకొని.

నూరు వరాల పువ్వు గుంజి కిందికొసను చీకితె తీపి నీళ్లొస్తయ్. నేను పొద్దుగాల లేవంగనే అదే పని. ఒకనాడు గుత్తి మొత్తం ఖాళీ చేసిన. చిన్నమ్మ నా చెవు మెలివెట్టింది. "పిట్టకు ఏం మిగిలిస్తవే దొంగదానా? ఇగ తేనెపిట్టవు నువ్వేనా?" అన్నది. చెవు నొచ్చింది గని, ఆమె నాతోని మజాక్ చేసిందని నాకు ఒకటే సంబురం.

పసుపుపచ్చటి సీతాకోక చిలుకలు, తెల్లటియి, ఎండ కాసినప్పుడు ఒకటి రెండు వచ్చేటియి. మా పక్కింటి అవ్వ కన్నడపామె, "చిట్టె బంతు, చిట్టె బంతు" అని గోడ మీదికెళ్లి ఒర్లేది, అంటె సీతాకోక చిలుక వచ్చిందని. నేను ఉరికి తాతను గుంజుకొచ్చేదాన్ని. తాత వచ్చేసరికి అది గోడ దాటి పోయేది. ఉన్నా, "ఇది తొవ్వ తప్పి వచ్చింది. మనింట్లదా?" అనేటోడు. ఆయినతోని బేరం గంతే.

బతుకమ్మ పండుగ ఇగ రేపో మాపో అనంగ, చిన్నమ్మ నన్ను నిమ్మమొక్క కాడికి పిలిచి ఆకు మెల్లగ ఎత్తింది. దాని మీద పిట్టరెట్ట లెక్క ఏదో ఉంది. రెట్ట కదిలింది. నేను వెనుకకు దుంకిన. పక్క ఆకుల మీద ఆకుపచ్చటి లావు పురుగులు, మెత్తగ, తలకాయ ఎత్తి కర్రుకర్రున ఆకు తింటున్నయ్. సగం కొమ్మ మొండిగైంది.

"ఛీ, పురుగులు" అన్న.

"పురుగులు కాదే పిచ్చిదానా. గివే సీతాకోక చిలుకలు" అన్నది చెవుల. "బాగ తిని, ఒక గూడు చేసుకొని దాంట్ల పండుకుంటయ్. లేచేసరికి రెక్కలొస్తయ్. గివి మనింట్ల పుడుతున్నయ్ బిడ్డా. మామ చెప్పిన లెక్కకు వచ్చేటియి గివే." ఆమె కండ్లు అంత మెరుసుడు నేను ఎన్నడు సూడలే. "నాయినమ్మ చూస్తె పొయ్యిల ఏస్తది. ఎవ్వలకు చెప్పకు." ఆ కొమ్మ కనవడకుండ పాత చీర ముక్క అడ్డం గట్టింది.

పండుగకు ఆమెతోని నన్ను గూడ తల్లిగారింటికి తోలిచ్చిన్రు. నాయినమ్మ ఉపాయం అది. పిల్ల ఎంబడి ఉంటె కోడలు మల్లొస్తదని. అనంతగిరి గుట్ట మీద అప్పుడే వాన వెలిసింది. చెట్ల మీదికెళ్లి ఇంకా చుక్కలు వడుతున్నయ్. గుడికి పోయే తొవ్వల తడి ఇసుక మీద ఎన్ని సీతాకోక చిలుకలు, ఎన్ని రంగులు! రెక్కలు మూసి తెరిచి, మూసి తెరిచి నీళ్లు తాగుతున్నయ్. నేను నడిస్తె అన్ని ఒక్కపారి లేచి నా సుట్టు తిరిగినయ్. నా లంగా మీద వాలినయ్, జడ మీద వాలినయ్. నేను ఊపిరి గూడ తీసుకోలే. చిన్నమ్మ తన చెల్లెండ్లతోని తంగేడు పువ్వు తెంపుకుంట ఒకటే ముచ్చట, ఒకటే నవ్వు. గునుగు పువ్వు, తంగేడు పువ్వు, మలీద ముద్దల నెయ్యి వాసన. ఆమెకు గింత గొంతు ఉందా అని నేను నోరు తెరిచి చూసిన. ఇక్కడ గింత నవ్వేటామె మా ఇంటికి మల్ల ఎందుకొస్తది అనిపిచ్చి, సగం కొరికిన మలీద ముద్ద పక్కకు వెట్టిన.

గని వచ్చింది. వాళ్లమ్మ ఇంకో నాల్గు దినాలు ఉండమంటె, "లేదమ్మా, నా చిలుకలు లేచే యాళ్లయింది" అని తనే బయలెల్లింది. బస్సుల ఆమె ఒళ్లె పండుకున్న. తొవ్వంత ఆమె కాలు ఊపుకుంటనే ఉన్నది.

మేము వాకిట్లకొచ్చేసరికి తాత నిలవడి ఉన్నడు. ఎన్నడు లేంది ఎదురొచ్చిండు. వాకిలి కడిగి ఉన్నది. పూలచెట్ల కింద ఒక్క రాలిన ఆకు లేదు, మన్ను గుండ్రంగ పాదులు తీసి ఉన్నది. అడ్డం గట్టిన చీర ముక్క లేదు.

"చెట్లకు పురుగు వట్టింది బిడ్డా" అన్నడు తాత. "నువ్వు చూసుకోలేనట్టున్నవ్, నిమ్మచెట్టు సగం తిన్నయ్. నేనే దుప్పటి పరిచి దులిపిన. పట్టుకున్నయి చేతితోని ఏరిన. కోళ్లకేసిన. ఒక్కటంటె ఒక్కటి లేదు సూడు ఇగ."

మా తాత కందిరైతు. కందిచేనుకు కాయపురుగు వడితె, చెట్టు కింద దుప్పటి పరిచి చెట్టును మెల్లగ ఊపి పురుగు దులుపుతరు మా దిక్కు. కొమ్మ ఇరగొద్దు, పువ్వు రాలొద్దు, పురుగు మాత్రం రాలాలె. ఆ పనిల తాతను మించినోడు లేడు. పానం వెట్టి చేసే పని అది. ఇష్టమున్న చేనుకే చేస్తడు. ఇన్ని దినాలు ఎడమొకం పెడమొకంగ చూసిన పూలచెట్లకు ఆయిన తన చేతులతోని ఆ పని చేసిండు. కోడలు వస్తె సంతోషపడ్తదని పొద్దుటికెళ్లి ఎదురుచూస్తున్నడు.

చిన్నమ్మ నా చెయ్యి గట్టిగ వట్టుకున్నది. తాత మొకం దిక్కు చూసింది, ఆయిన నవ్వుతున్నడు. "కాళ్లు కడుక్కొనొస్త మామా" అని లోపలికి పోయింది. గోలెం కాడ నీళ్లు ఒంపుకుంటనే ఉన్నది, ఒంపుకుంటనే ఉన్నది.

ఆనాటికెళ్లి ఆమె చెట్ల కాడికి పోలే. నీళ్లు నాయినమ్మనే వోసేది. మల్ల సగం రొట్టె, మల్ల తల మీద కొంగు. నా జడ మాత్రం లేసేది. "కందులు రానీ బిడ్డా. బండలు ఏస్తరు. నేను మా ఊరికి పోత" అన్నది ఒకనాడు దువ్వెన ఆపి. కోపం లేదు ఆమె గొంతుల, అందుకే నాకు మస్తు భయమైంది.

తాత పరేషానైండు. ఒకనాడు నన్ను చేనుకు తీసుకపోయిండు. గట్టు మీద కూసోవెట్టి రొట్టె, ఎల్లిపాయ కారం పెట్టి అడిగిండు. "ఏమైందే మీ చిన్నమ్మకు? పండుగల ఎవ్వలన్న ఏమన్న అన్నరా?"

నేను ఏడ్చిన. "నువ్వు దులిపినవ్ గద తాతా. అవే సీతాకోక చిలుకలు."

"ఏవే?"

"పురుగులు. పురుగులే పండుకొని లేస్తె సీతాకోక చిలుకలైతయ్. మనింట్ల పుట్టినయ్. నువ్వు కోళ్లకేసినవ్."

తాత రొట్టె కింద వెట్టిండు. నేను అబద్ధం ఆడుతున్ననేమో అని నా మొకం వెతికిండు. పుట్టి బుద్ధెరిగినప్పటికెళ్లి పురుగును నలుపుడే ఎరుక ఆయినకు. పచ్చటి పూతల చేను ఊగుతుండె.

"నాకు ఎవ్వలు చెప్పలే గదనే" అన్నడు. మా తాత గొంతు అట్ల పల్చగైనది ఆ ఒక్కపారే ఇన్న.

ఆ వారంలనే చేనుకు పురుగు వడ్డది. కూలికొచ్చిన ఆడోళ్లు చెట్లు ఊపుతున్నరు, దుప్పట్ల మీద పురుగులు టపటప రాలుతున్నయ్. మామూలుగైతె వాటిని కుండల వోసి సలసల కాగే నీళ్లు వోస్తరు. తాత ఆనాడు "ఆగుండ్రి" అన్నడు. దుప్పటి కాడ గొంతుకు కూసొని, ఒక్కొక్క పురుగును నలగకుండ రెండు వేళ్లతోని ఎత్తి తువ్వాలల వేసుకున్నడు. తినడానికని కంది కొమ్మలు గూడ పెట్టిండు. ఆడోళ్లు ఒకటే నవ్వు. "పటేలా, పురుగులకు లగ్గం చేస్తవా ఏంది?" అన్నరు. తాత తువ్వాల మూట గట్టి, పిల్లను ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఆనిచ్చుకొని బజార్లకెళ్లి నడిచిండు. నేను ఎంబడి. ఎదురైనోళ్లు "ఏం తెస్తున్నవ్ పటేలా?" అంటె "ఇంటికి" అన్నడు, గంతే.

వాకిట్ల చిన్నమ్మ ముంగట మూట విప్పిండు. నాయినమ్మ కెవ్వుమన్నది. "బిడ్డా, నాకు తెల్వక కోళ్లకేసిన. ఇగో, తెచ్చిన. గివి ఐతయా?" అన్నడు.

చిన్నమ్మ వంగి చూసింది. నిమ్మచెట్టువి లావుగ, నున్నగ ఉండె. ఇవి సన్నగ, గీతలు గీతలు, గోధుమరంగు, కందికాయ కొరుకుతున్నయ్. చేన్ల పురుగులు ఇవి, ఆమెకు తెలుసు. తలెత్తి తాతను చూసింది. చెమటకు తడిసిన బనీను, గీరుకుపోయిన చేతులు, తువ్వాల కొస ఇంకా ఇడువని వేళ్లు.

"ఐతయ్ మామా" అన్నది. అని నవ్వింది. కండ్లల్ల నీళ్లు కారుకుంట నవ్వింది, అనంతగిరిల నవ్విన నవ్వు. మా ఇంట్ల ఆ నవ్వు అదే మొదలు.

ఇగ ఆ పురుగులు చేసిన పాపం చెప్పాల్నా? బంతిమొగ్గలన్ని తొలిచినయ్. ఒక్క పువ్వు దక్కనియ్యలే. చిన్నమ్మ ఒక్క పురుగును ముట్టలే, మమ్మల్ని ముట్టనియ్యలే. తాత దినాం పొద్దుగాల వచ్చి, "తింటున్నయా?" అని అడుగుడు, "మంచిగ తింటున్నయ్ మామా" అని ఆమె చెప్పుడు. మామ కోడలు ముచ్చట వెట్టుకుంటున్నరని నాయినమ్మ మా అమ్మకు సైగ చేసేది. ఒకనాడు పురుగులు కనవడలే. తాత మొకం తెల్లగైంది. "మన్నులకు పోయినయ్ మామా. లోపల పండుకున్నయ్" అన్నది చిన్నమ్మ.

అప్పుడే కందులు ఇంటికొచ్చినయ్. కాక గడ్డపార తీసిండు, బండలు గోడకానిచ్చి సిద్ధంగ ఉన్నయ్. నేను చిన్నమ్మ కొంగు వట్టుకున్న. తాత వచ్చి కాక ముంగట అడ్డం నిలవడ్డడు. "లోపల పన్నయ్ రా. మీద బండేస్తె యాడికెళ్లి వస్తయ్?" అన్నడు. వాకిట్ల తొక్కుడుకు చెట్లు నలుగుతయని కందులు మిద్దెక్కిచ్చుమన్నడు. నిచ్చెన మీద గోనెసంచులు మోసుకుంట కూలోళ్లు, కాక, మా నాయిన తిట్టని తిట్టు లేదు. తాత కింద నిలవడి, "చెట్ల మీద వడకుండ్రి" అని ఒకటే ఒర్లుడు.

శాన దినాలు ఏం కాలే. ఒకనాడు పొద్దుగూకే యాళ్ల చిన్నమ్మ పిలిచింది. "మామా, లేచినయ్, రాండ్రి." అందరం ఉరికినం. మందారం ఆకుల మీద, గోడ మీద, మన్ను మీద, మట్టిరంగు రెక్కల పురుగులు. ఒక రంగు లేదు, ఒక మెరుపు లేదు, ఎండిన జొన్నాకు ముక్కలోలె ఉన్నయ్. నాకు ఏడుపొచ్చింది. అనంతగిరిల చూసిన కండ్లు గద నాయి! "గివి సీతాకోక..." అనబోతె చిన్నమ్మ నా జబ్బ గిల్లింది.

తాత ముంగటికి వంగి చూసిండు. ఒకటి లేచి ఆయిన అంగీ మీద వాలింది. ఆయిన కదలలే. శానసేపు దాన్నే చూసిండు. మల్ల చిన్నమ్మ మొకం చూసిండు.

"మస్తున్నయ్ బిడ్డా" అన్నడు. "మనింట్ల పుట్టినయ్."

బండలు మల్ల ఎన్నడు వడలే. మరుసటేడు చిన్నమ్మ ఇంకో నాల్గు బండలు లేపిచ్చింది, తాతనే గడ్డపార వట్టిండు. నిమ్మచెట్టుకు అసలు సీతాకోక చిలుకలొచ్చినయ్, మందారానికి తేనెపిట్ట వచ్చింది. చిన్నమ్మ ఆ ఇంట్లనే పిల్లల్ని కన్నది, ఆ ఇంట్లనే ముసల్దైంది.

నన్ను బొంరాస్‌పేట దిక్కు ఇచ్చిన్రు. అక్కడ గూడ కందులే. లగ్గమైన కొత్తల, చేను పూతకొచ్చినప్పుడు, మా ఆయినతోని గట్టు మీదికి పోయిన. పొద్దుగూకుతుంది. పూత మీద మట్టిరంగు రెక్కలు లేస్తున్నయ్, వాలుతున్నయ్. నాకు మస్తు సంబురమై, "గివి మా తాత ఇంట్ల పుట్టేటియి" అన్న.

మా ఆయిన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు. "గివి చేన్లకొస్తె కందిరైతుకు నిద్ర ఉండదే. గివి ఎగిరినయంటె ఇగ పురుగు వడ్డట్టే. చిన్న పోరన్ని అడిగినా చెప్తడు, నీకు తెల్వదా?" అన్నడు.

గట్టు మీద కూసున్న. చిన్న పోరనికి తెలిసింది మా తాతకు తెల్వదా? పుట్టినకాడికెళ్లి కందిచేన్లల్ల తిరిగిన మనిషి. అంగీ మీద వాలంగనే గుర్తువట్టిండు. అవి గోడ దాటితె తన చేనుకే పోతయని గూడ ఎరుకే. ఎరుకుండే, ఆ పిల్ల మొకం చూసి, మస్తున్నయ్ బిడ్డా అన్నడు.

చిన్నమ్మకు ఈ సంగతి చెప్దామని శానపార్లు నోటి దాక వచ్చింది. మామను నమ్మిచ్చిన్ననే ఆమె చివరి దాక అనుకున్నది, తలుచుకొని నవ్వుకునేది. ఆ నవ్వు చూసి చెప్పబుద్ధి కాలే. ఇప్పుడు తాత, చిన్నమ్మ ఇద్దరు లేరు. ఆయిన కోసం ఆమె అబద్ధమాడింది, ఆమె కోసం ఆయిన అబద్ధమాడిండు. ఆ రెండు ఎరుకైనదాన్ని నేనొక్కదాన్నే మిగిలిన.